మిల్వాకీ రేవు అడుగున

వేసవిలో శనివారం పొద్దున అమెరికాలోని మిల్వాకీ నగరపు రేవుకు వెళ్తే, కొన్ని వారాల్లో ఒక జట్టు కనిపిస్తుంది. పడవలు కట్టే చెక్క వంతెన మీద టార్పాలిన్ పరిచి, పక్కన కాటా పెట్టుకుని, మందపాటి రబ్బరు సూట్లు తొడుక్కుంటూ ఉంటారు. ఈ ఊరి స్కూబా డైవర్లు వీళ్లు. ఎవరి సామాను వాళ్లదే, ఎవరి ఖర్చు వాళ్లదే. రేవు అడుగున పేరుకున్న చెత్త తీయడానికి వస్తారు. నాకు డైవింగ్ రాదు. ఒడ్డున తాడు పట్టుకుంటాను, పైకొచ్చిన సంచులు అందుకుంటాను, లెక్క రాస్తాను. దిగేవాళ్లెంత అవసరమో ఒడ్డున ఉండేవాళ్లూ అంతే అవసరమని నాకు మొదటి రోజే చెప్పారు.

నా ఉద్యోగమూ నీళ్లతోనే. ఒక ప్రైవేటు ప్రయోగశాలలో నీటి నమూనాలు పరీక్షిస్తాను. ఈ ఊరు తాగేది మిషిగన్ సరస్సు నీళ్లు. భూమి పైభాగాన ఉన్న మంచినీటిలో దాదాపు ఐదో వంతు ఇక్కడి ఐదు మహా సరస్సుల్లోనే ఉందని చదువుకున్నాం కదా, అందులో ఇదొకటి. ఊళ్లోని మూడు నదులు, మిల్వాకీ, మెనామనీ, కినికినిక్, కలిసి ఈ రేవులోనే సరస్సులో పడతాయి. వీధి మీద పారేసిన సీసా వానకు కాలువలోకి, కాలువ నుంచి నదిలోకి, నదిలోంచి రేవులోకి చేరుతుంది. కొంత అక్కడే మునిగిపోతుంది, మిగిలింది సరస్సులోకి పోతుంది.

ఇక్కడ నీటి పరీక్షల్లో పనిచేసే వాళ్లెవరూ 1993ను మరిచిపోరు. ఆ ఏడాది వసంతంలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కుళాయి నీళ్లలోకి వచ్చి, నాలుగు లక్షల మందికి పైగా జబ్బు పడ్డారు. ఎయిడ్స్ లాంటి జబ్బులతో అప్పటికే బలహీనంగా ఉన్నవాళ్లు కొందరు చనిపోయారు. ఆ పరాన్నజీవి క్లోరిన్‌కు చావదు. ఆ తర్వాత ఊరు ఓజోన్ శుద్ధి పెట్టుకుంది, నీళ్లు తీసుకునే పైపును సరస్సులో ఇంకా లోపలికి జరిపింది. రేవు అడుగున పడి ఉన్న కుర్చీకీ ఆ జబ్బుకూ నేరుగా సంబంధం లేదు. కానీ సరస్సు ఎంత పెద్దదైనా ఒడ్డున మనం చేసేది మన గ్లాసులోకి వస్తుందని ఈ ఊరికి ఒకసారి తెలిసింది. నాతో డైవింగ్‌కు వచ్చేవాళ్లలో కొందరు ఆ ఏడాది మంచం పట్టినవాళ్లే.

అడుగున ఏముంటుంది? బీరు డబ్బాలు, నల్ల కళ్లద్దాలు, ఫోన్లు, తాళాల గుత్తులు, మడత కుర్చీలు, కరెంటు తీగలు, పడవ అంచుకు కట్టే రబ్బరు బుడగలు, టైర్లు, అప్పుడప్పుడు బ్యాటరీ. చాలావరకు ఎవరూ కావాలని పారేసినవి కావు. గాలికి ఎగిరినవి, చెయ్యి జారినవి, తాడు తెగి పోయినవి. పైకి తీశాక వాటిని గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే అన్నిటినీ క్వాగా ఆల్చిప్పలు కప్పేసి ఉంటాయి. వేలి గోరంత చిన్నవి, అంచులు బ్లేడులా ఉంటాయి. ఓడల అడుగు తొట్లలోని నీళ్లతో దూరదేశాల నుంచి వచ్చి ఈ సరస్సు అడుగంతా పరుచుకున్నాయి. వాటి వల్ల నీళ్లు తేటపడ్డాయి, చూడటానికి అందంగా ఉంటుంది. అయితే చేపపిల్లలు తినే సూక్ష్మజీవులను వడకట్టి మింగేసి ఆ తేట తెచ్చాయి. ప్రయోగశాలలో కూర్చుని తేటనీళ్లంటే మంచినీళ్లని అనుకునే అవకాశం నాకు లేదు.

అడుగున ఒక డబ్బా దొరికిందంటే నేరుగా సంచిలో వేయరు. ముందు నీళ్లలోనే తిరగేసి చూస్తారు. లోపల చిన్న రొయ్యలాంటి క్రేఫిష్ దాక్కుని ఉండొచ్చు. అది బయటికి పోయేదాకా ఆగుతారు. ఒకసారి మా జట్టులోని ఒక స్కూలు టీచరు ఒకే ఒక్క డబ్బా దగ్గర ఎంతసేపు ఆగిందంటే, పైన తాడు పట్టుకున్న నాకు కంగారు పుట్టింది. పైకి వచ్చి ఆ డబ్బా నా చేతిలో పెట్టి, 'ఖాళీ చేయించాను' అంది.

అన్నీ తీయరు కూడా. పాత ఓడ భాగంలా కనిపించే కొయ్య, ఇనుము ఏదైనా ఉంటే ఫోటో తీసి అక్కడే వదిలేస్తారు. సరస్సు అడుగున ఉన్న పాత ఓడలు, వాటి సామాను రాష్ట్రానికి చెందుతాయి.

డైవర్ వీపు మీది సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అందులో ఉండేది మామూలు గాలే, గట్టిగా కుక్కి నింపిన గాలి. రేవు లోతు తక్కువ, కాబట్టి ప్రమాదం లోతు వల్ల రాదు. అడుగున మెత్తటి బురద. కాలి తెడ్డు ఒకసారి ఆడిస్తే లేచే మట్టిలో తన చెయ్యి తనకే కనబడదు. పక్కన గాలపు తీగ చుట్టుకుంటే కత్తితో తడుముకుంటూ కోసుకోవాలి. పైన పడవలు తిరుగుతుంటాయి. అందుకే రేవు కార్యాలయం అనుమతి తీసుకుని, ఎర్ర గుడ్డ మీద తెల్ల అడ్డగీత ఉన్న జెండా పాతి, ఇద్దరిద్దరుగా దిగుతారు. నీళ్లు మరీ మసకగా ఉన్న చోట తాడు కడతాం. ఒకసారి లాగితే బాగానే ఉన్నానని, ఆపకుండా లాగితే వెంటనే పైకి తీయమని మేం పెట్టుకున్న గుర్తులు. ఆగస్టులో కూడా పడమటి గాలి రెండు రోజులు గట్టిగా వీచిందంటే పైనున్న వెచ్చటి నీళ్లు సరస్సు లోపలికి పోయి, అడుగు నుంచి చల్లటి నీళ్లు ఒడ్డుకు వస్తాయి. నిన్న ఈత కొట్టిన నీళ్లలో ఇవాళ చెయ్యి పెట్టలేం.

అందరూ సూట్లు తొడుక్కున్నాక జట్టు పెద్ద ప్రతిసారీ ఒక మాట చెబుతాడు. ఆయన రిటైరైన ప్లంబరు. 'ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా దిగనని చెప్పొచ్చు. ఎవరూ ఎందుకని అడగకూడదు.' డైవర్లందరూ పాటించే నియమమే ఇది, ఆయన కనిపెట్టింది కాదు. ఒక రోజు అందరికంటే అనుభవమున్న మనిషి, ఒకప్పుడు అగ్నిమాపక దళంలో పనిచేసినవాడు, సిలిండర్ కూడా తగిలించుకుని, 'ఇవాళ నేను దిగను' అన్నాడు. ఒక్కరు కూడా ముఖం అదోలా పెట్టలేదు. ఆయన సామాను విప్పి, నా పక్కన కూర్చుని, నేను తూచిన బరువులు కాగితం మీద రాశాడు.

నాకు అది మామూలు విషయంలా అనిపించలేదు. హెచ్-1బి వీసా మీద ఇక్కడ పనిచేసే మనిషికి ఉద్యోగం పోతే ఇంకో యజమానిని వెతుక్కోవడానికి దొరికేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆ 60 రోజులు తలలో పెట్టుకుని బతికేవాళ్లం 'నా వల్ల కాదు' అనే మాట దాదాపు మరిచిపోతాం. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక చోట, ముక్కు మండే ఆవిరి గదిలో సరైన మాస్కు లేకుండా పని ముగించి రమ్మన్నారు. వెళ్లాను. మిగతావాళ్లూ వెళ్లారు. 'ఎందుకని అడగకూడదు' అన్న నియమం అక్కడ కూడా ఉంది, కాకపోతే అది మాకు వర్తించే నియమం. ఇక్కడ, జీతం లేని పనిలో, చెత్త కంటే మనిషి విలువైనవాడని ముందే చెప్పి దింపుతున్నారు. జీతమిచ్చే పనిలో ఆ మాట ఎందుకు చెప్పరని నేను చాలా రోజులు కోపంగానే ఆలోచించాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు, తగ్గాలని కూడా నేను కోరుకోవడం లేదు.

ఫోనులో ఈ సంగతులు చెబితే మా అమ్మ, 'చెత్త ఏరడానికి అంత దూరం వెళ్లావా నాన్నా?' అంది. తర్వాత తనే అడిగింది, 'వాళ్లకు చేతులకు తొడుగులు ఉంటాయా? మన రేవులో పిల్లలకు ఏమీ ఉండవు.' మాది రాజమహేంద్రవరం. గోదావరిలో ఎవరైనా మునిగితే గజ ఈతగాళ్లను పిలుస్తారు. వాళ్లు ఊపిరి బిగబట్టి, ఒట్టి చేతులతో, కళ్లు కనబడని వరద నీళ్లలో దిగుతారు. శవాలు తీసేదీ వాళ్లే. పత్రికల్లో వాళ్ల పేర్లు రావు, 'గజ ఈతగాళ్లు వెలికితీశారు' అని ఒక ముక్క వస్తుంది. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఆ చావుల వార్తలు మాత్రం ఆగలేదు. నది అడుగుకు దిగేవాళ్ల సంగతి అంత కూడా ఎవరూ మాట్లాడరు. ఇక్కడ డైవర్లు సరదా కొద్దీ నేర్చుకుని సెలవు రోజున చేసే పనికి ఇన్ని జాగ్రత్తలు. అక్కడ కూటి కోసం, పోలీసులు పిలిస్తే కాదనలేక చేసే పనికి ఒక తాడు కూడా గ్యారంటీ లేదు.

మా జట్టు తీసేది ఎంతని అడిగేవాళ్లుంటారు. రాచెస్టర్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2016లో వేసిన అంచనా ప్రకారం ఏటా దాదాపు పదివేల టన్నుల ప్లాస్టిక్ మహా సరస్సుల్లో చేరుతోంది, అందులో సగం మిషిగన్ సరస్సులోనే. మేం కాటా మీద పెట్టేది దాని ముందు లెక్కలోకి రాదు. అందుకే బరువుతో పాటు రకం కూడా రాస్తాం. ఏ వంతెన కింద ఏది ఎక్కువ దొరికిందో రాస్తాం. గాలపు తీగ ఎక్కువగా వస్తున్న చోటు ఆ కాగితాల వల్లే తెలిసింది. పాత తీగ వేయడానికి అక్కడ పైపు డబ్బాలు పెట్టించగలిగాం. ఎక్కడ దిగాలో మాకు ఆ కాగితాలే చెబుతున్నాయి.

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్ల దగ్గర వందలమంది ఈతగాళ్లను పెడతారు. తాడు గుర్తులు, జంటగా దిగే పద్ధతి, దిగే ముందు చూసుకోవాల్సినవి మా జట్టు పెద్దను అడిగి ఒక కాగితం మీద తెలుగులో రాస్తున్నాను. ప్రవాహంలో దిగడానికీ నిలకడ నీళ్లలో దిగడానికీ తేడా ఉంది, నడుముకు కట్టిన తాడు ఏటి ఉరవడిలో చిక్కుకుని మనిషినే ముంచగలదు. అందుకని కొన్ని వాక్యాలు మా ఊరి ఈతగాళ్లే దిద్దాలి. వచ్చే జనవరిలో సెలవు పెట్టాను. కోటిలింగాల రేవులో వాళ్లను కలుస్తాను. ఆ కాగితంలో పై వరస మాత్రం మార్చను: ఎవరైనా, ఎప్పుడైనా, దిగనని చెప్పొచ్చు.