జవాబు చెప్పనక్కర్లేని అధికారం

పెద్ద ఇంటర్నెట్ కంపెనీల మాట ఎత్తగానే ఎవరో ఒకరు అంటారు, "నచ్చకపోతే మానెయ్, నిన్నెవరూ బలవంతపెట్టలేదుగా" అని. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అంతా మన ఇష్టమే అయితే, యాపిల్ ఫోన్లలో తన సెర్చే డిఫాల్ట్‌గా ఉండటానికి గూగుల్ 2022 ఒక్క ఏడాదికే సుమారు 2,000 కోట్ల డాలర్లు ఎందుకు ఇచ్చినట్టు? ముందే పెట్టి ఉన్నదాన్ని చాలామంది మార్చరని వాళ్లకు బాగా తెలుసు. ఈ లెక్క బయటపడిన కేసులోనే, సెర్చ్‌లో గూగుల్ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమని అమెరికా కోర్టు 2024 ఆగస్టులో తేల్చింది.

డబ్బు సంగతి అలా ఉంచండి. 2012 జనవరిలో ఫేస్‌బుక్ దాదాపు 6.9 లక్షల మంది ఫీడ్‌లను ఒక వారం పాటు మార్చి చూసింది, కొందరికి సంతోషం నిండిన పోస్టులు తగ్గించి, కొందరికి బాధ నిండినవి తగ్గించి, ఆ తేడా వాళ్ల రాతల్లో కనిపిస్తుందేమోనని. కనిపించింది, చాలా కొద్దిగా. 2014లో పరిశోధనా పత్రం వచ్చాకే ఈ సంగతి లోకానికి తెలిసింది. వాళ్లలో ఎవరినీ విడిగా అడగలేదు, ఖాతా తెరిచేటప్పుడు ఒప్పుకున్న షరతులే అనుమతి అన్నారు. అసలే కుంగిపోయి ఉన్న మనిషి ముందు నుంచి నాలుగు మంచి మాటలు తీసేస్తే ఏమవుతుందని ఎవరికీ అనిపించలేదా? ఒక డాక్టర్ రోగికి చెప్పకుండా కొత్త మందు ఇచ్చి చూస్తే మనం ఊరుకుంటామా?

2021 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలో ఇంకోటి జరిగింది. వార్తా సంస్థలకు డబ్బు చెల్లించేలా చట్టం వస్తోందని ఫేస్‌బుక్ అక్కడ వార్తలు ఆపేసింది, వాటితో పాటు ఆరోగ్య శాఖల పేజీలు, అత్యవసర సేవల పేజీలు కూడా ఖాళీ అయ్యాయి, అదీ కోవిడ్ కాలంలో. ఆ పేజీలు పొరపాటున పోయాయన్నారు. కావచ్చు. కానీ అంత పొరపాటు చేయగలిగేంత అధికారం వాళ్లకు ఎవరు ఓటేసి ఇచ్చారు?

జరిమానాలతో దారికొస్తారన్న నమ్మకం నాకు లేదు. 2019లో ఫేస్‌బుక్‌కు పడ్డది 500 కోట్ల డాలర్లు, ఆ ఏడాది దాని ఆదాయం 7,000 కోట్లకు పైనే.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. పోస్టు తీసేసినా, ఖాతా మూసేసినా ఎందుకో చెప్పాలి, మొరపెట్టుకుంటే వినే చోట ఒక మనిషి ఉండాలి. యూరోపియన్ యూనియన్ డిజిటల్ సేవల చట్టం ఇప్పటికే కారణం చెప్పాలంటోంది, ఫిర్యాదుల మీద నిర్ణయం పూర్తిగా మెషీన్‌కే వదిలేయకూడదనీ అంటోంది. అక్కడ చేయగలిగింది మిగతా దేశాల్లో కుదరదని ఏ కంపెనీ చెప్పినా నేను నమ్మను.