బరంపురం నుంచి నేరుగా విదేశీ ఒప్పందం: నా అనుభవం

బరంపురంలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే చిన్న సంస్థ నడుపుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరిగిన గంజాం, గజపతి జిల్లాల పిల్లలే మా బలం. చాలాకాలం అమెరికా కంపెనీల పనే చేశాం, కానీ అక్కడ మా పేరు ఎవరికీ తెలియదు. ఒప్పందం ఒక పెద్ద కంపెనీది, దాని చేతి నుంచి మరొకరికి, వారి నుంచి మాకు. తప్పులు పట్టేది మేము, నివేదిక మీద ముద్ర వారిది. తైవాన్ కంప్యూటర్ల కంపెనీ ఏసర్ వ్యవస్థాపకుడు స్టాన్ షి 1990లలో ఒక గీత గీసి చూపించాడు: రూపకల్పన దగ్గర, అమ్మకం దగ్గర విలువ ఎక్కువ, నడుమ చాకిరీకి తక్కువ. మా చోటు ఆ నడుమనే.

మా పని ఎరిగిన ఒక మేనేజరు కొత్త కంపెనీకి మారి, నేరుగా చేస్తారా అని అడిగారు. ప్రభుత్వ కాగితాలు తేలిగ్గానే అయిపోయాయి. సేవల ఎగుమతికి ఐఈసీ (ఎగుమతి, దిగుమతి చేసేవారికి ప్రభుత్వం ఇచ్చే సంఖ్య) అన్నిసార్లూ తప్పనిసరి కాదు. విదేశీ వాణిజ్య విధానం కింద ప్రయోజనాలు కావాలంటే మాత్రం ఉండాలి. రుసుము 500 రూపాయలు. జీఎస్టీలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేస్తే ఎగుమతి మీద ముందుగా పన్ను కట్టనక్కర్లేదు, అయితే ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరమే. డాలర్లు వచ్చినప్పుడు ఆ డబ్బు దేనికి వచ్చిందో తెలిపే సరైన పర్పస్ కోడ్ బ్యాంకుకు ఇవ్వాలి.

అసలు పరీక్ష ఆ కొత్త కంపెనీ పంపిన భద్రతా ప్రశ్నావళి. ఒక ప్రశ్న నాకు అక్షరాలా గుర్తుంది: ఉద్యోగి మానేస్తే అతని ఖాతాలు ఎంతసేపట్లో మూస్తారు, రుజువేది? మేము ఆ సాయంత్రమే మూసేవాళ్లం. రుజువు అంటే ఎవరు మూశారు, ఎప్పుడు మూశారు అని తేదీ, సమయంతో రాసిన దస్త్రం. ల్యాప్‌టాప్ పోతే? డిస్క్ ఎన్‌క్రిప్షన్ (లోపలి సమాచారం ఇతరులు చదవలేకుండా చేసే తాళం) ఉందని ప్రతి యంత్రం స్క్రీన్‌షాట్ పంపాలి. వాళ్ల సమాచారం మా దగ్గర ఎక్కడ ఉంటుందో బొమ్మ గీసి చూపాలి. మా పిల్లల్లో ఒకమ్మాయి రాత్రులు కూర్చుని ఈ విధానాలన్నీ ఒక్కొక్కటే రాసింది. ఆమె లేకపోతే ఈ ఒప్పందం లేదు.

పిల్లలకు కోడింగ్ నేర్పే శిక్షణ కేంద్రాలు చాలా ఉన్నాయి. ఈ రాతపని నేర్పేవి మాత్రం నాకు కనపడలేదు. చిన్న ఊళ్ల సంస్థలు కింది మెట్టు మీదే ఆగిపోవడానికి నైపుణ్యం కంటే ఇదే పెద్ద కారణమని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు డిజైన్ దశలోనే మమ్మల్ని పిలుస్తున్నారు. ఏం పరీక్షించాలో మేమే నిర్ణయిస్తున్నాం. వచ్చే ఒప్పందానికి సమాచార భద్రతకు ఇచ్చే అంతర్జాతీయ ధ్రువీకరణ ఐఎస్ఓ 27001 అడిగారు, ఆ పనిలో ఉన్నాం. గంజాం, గజపతి, రాయగడల్లో ఇదే దారిలో ఉన్నవారు అడిగితే మా విధానాల నమూనాలు ఇస్తాను.