పటంలో ఖాళీ జాగా

ఆఫ్రికాలోని మలావి దేశంలో మక్క పిండితో వండే న్సీమా అచ్చం మన మక్క గట్కే. మొదటి రోజు ప్లేటులో దాన్ని చూడగానే ఇంటి మీది బెంగ సగం తగ్గింది. పక్కన పచ్చిపులుసు లేదు, చెరువు చేపకు బదులు సరస్సు చేప ఉంది, అంతే తేడా. 2003లో వానలు వెనకపట్టి, చేలల్లో మక్క కంకులు ఇరుస్తున్న రోజుల్లో ఆ దేశంలో ఊరూరూ తిరిగాను. బోదకాలు ఎక్కడెక్కడ ఉందో చూసి పటం మీద గుర్తు పెట్టే పని మాది.

నాకు ఆ రోగం కొత్త కాదు. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో పుట్టినవాళ్లకు అది తెలిసిందే. మా బాపమ్మకు ఎడమ కాలు బోద. ఏడాదికి రెండు మూడు సార్లు గజ్జల్లో బిళ్ల కట్టి చలిజ్వరం వచ్చేది. గొంగడి కప్పుకుని మూలకు పడుకునేది. జ్వరం తగ్గాక మామూలుగానే లేచి పనిలో పడేది. చీర మాత్రం ఎప్పుడూ నేల మీద జీరాడేలా కట్టేది, కాలు ఎవరి కంటా పడకూడదని. పెళ్లిళ్లకు పోయేది కాదు. ఇంట్లో మేం కూడా ఆ కాలు సరిగా చూసింది లేదు.

డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ చదువు, అయ్యాక వరంగల్ చుట్టుపక్కల రాత్రి సర్వేల్లో కొన్నాళ్లు టెంపరరీగా చేశాను. జనం పడుకునే వేళకు తలుపు తడితే, "పగటి పూట తీయరాదా సారూ నెత్తురు" అని విసుక్కునేవాళ్లు. వాళ్ల విసుగులో న్యాయం ఉంది. కానీ ఈ రోగం తెచ్చే పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల వైపు దాక్కుని, దోమ కుట్టే వేళకు చర్మం కింది రక్తంలోకి వస్తాయి. పగలు తీసిన రక్తంలో వాటిని పట్టుకోవడం కష్టం.

మలావిలో ఆ బాధ తప్పింది. అక్కడ వాడింది ఐసీటీ కార్డు, అక్కడికక్కడే రక్తం పరీక్షించే అట్ట. అది పిల్ల పురుగును కాదు, పెద్ద పురుగు రక్తంలోకి వదిలే పదార్థాన్ని పట్టుకుంటుంది. అందుకే పగలైనా రాత్రైనా ఒకటే. వేలి నుంచి 100 మైక్రోలీటర్ల రక్తం తీసి కార్డు మీద వేయాలి, మూసి సరిగ్గా పది నిమిషాలకు చూడాలి. ఒక గీత వస్తే లేదు, రెండు వస్తే ఉంది.

మేం వెళ్లకముందు ఆ దేశంలో ఈ రోగం గురించి రాసి ఉన్నది ప్రధానంగా రెండు చోట్లే. ఉత్తరాన కరోంగా వైపు, దక్షిణాన షిరే నది దిగువ లోయలో. మిగతా పటమంతా తెల్లగా ఉండేది. ఆ తెలుపు చూసినప్పుడల్లా నాకు బాపమ్మ చీర అంచు గుర్తొచ్చేది. ఎవరూ వచ్చి అడగలేదు కాబట్టి లేనట్టే. ఆ దేశంలో ఎంతమంది బాపమ్మలు అలా ఉన్నారో అనిపించేది.

లెక్క ఇలా ఉంటుంది. జిల్లాకు ఒకటి రెండు ఊళ్లు ఎంచుకుని, ఊరికి యాభై నుంచి వంద మంది, పదిహేనేళ్లు దాటిన వాళ్లను పరీక్షించాలి. నూటికి ఒక్కరికి ఉన్నా ఆ జిల్లాలో రోగం ఉన్నట్టే. అప్పుడు జిల్లా మొత్తానికి ఏడాదికోసారి, కనీసం ఐదేళ్లు మందు మింగించాలి. మన దగ్గర డీఈసీ, ఆల్బెండజోల్ అనే మాత్రలు ఇస్తారు. అక్కడ డీఈసీ ఇవ్వలేదు. నల్ల ఈగ కుట్టి వచ్చే నది అంధత్వం మలావిలో కొన్ని ప్రాంతాల్లో ఉంది, అది ఉన్నవాళ్లకు డీఈసీ ఇస్తే కళ్లకే ప్రమాదం. అందుకని ఐవర్‌మెక్టిన్ అనే మందుతో ఆల్బెండజోల్ కలిపి ఇచ్చారు.

మేం వెళ్లిన సమయం మంచిది కాదు. అంతకు ముందటి ఏడాదే కరువు. 2002 చివర్లో దక్షిణ జిల్లాల్లో, మనుషుల రక్తం పీల్చేవాళ్లు రాత్రుళ్లు తిరుగుతున్నారని, తిండిగింజలకు బదులు ప్రభుత్వమే రక్తం ఇప్పిస్తోందని పుకారు పుట్టింది. అనుమానంతో మనుషులను కొట్టారు, ఒకరి ప్రాణం కూడా పోయింది. ఆ మంట చల్లారక ముందే సూదులు, గాజు గొట్టాలు పట్టుకుని మేం దిగాం. ముందు ఊరి పెద్ద దగ్గర కూర్చోవాలి. ఆయన ఒప్పుకున్నాక మామిడి చెట్టు కింద బల్ల వేసి, అందరి ముందు మొదట నా వేలికే సూది గుచ్చుకునేవాణ్ని. పని పూర్తయ్యేసరికి నా పది వేళ్ల కొసలూ గరుకు తేలాయి.

ఎత్తయిన ప్రాంతంలోని ఒక ఊరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. వంద కార్డులు వేశాం. తొంభై తొమ్మిదింటికీ ఒకే గీత. అంతలో ఒక పెద్దావిడ రక్తం చూసి కళ్లు తిరిగి పడింది. ఆమెను నీడకు చేర్చి, నీళ్లు తాగించి వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటాయి. చివరి కార్డు అలాగే బల్ల మీద ఉంది. తెరిచి చూస్తే రెండో గీత ఉందా లేదా అన్నట్టు, గోరింటాకు కడిగేశాక మిగిలే రంగులో కనిపించింది. ఎండకు పట్టాను, నీడకు పట్టాను, ఉంది. పెన్సిల్‌తో ఉన్నట్టే రాశాను కూడా. కానీ ఆలస్యంగా చూసిన కార్డులో లేని గీత పుడుతుందని నాకు తెలుసు. ఆ ఒక్క గీతతో జిల్లా మొత్తం ఐదేళ్లు మందు మింగాలి. తీరా నిజంగా ఉన్న గీతను నేను చెరిపేస్తే ఆ జిల్లాకు ఏ మందూ రాదు.

ఆ చివరి కార్డు మనిషి అప్పటికే చేను దగ్గరికి పోయాడు. నర్సును తోడు తీసుకుని పొలం గట్ల వెంట రెండు కిలోమీటర్లు నడిచాం. కంకులు ఇరుస్తున్నవాడు మమ్మల్ని చూసి ఆగిపోయాడు. "మళ్లీ రక్తమా?" అన్నాడు. ఆ పుకార్ల మధ్య ఆ ప్రశ్నకు అర్థమేమిటో తెలిసి నాకు చెమటలు పట్టాయి. నర్సు తప్పు మాదేనని చెప్పి ఒప్పించింది. ఆయన కాసేపు ఆలోచించి, చేయి తువ్వాలుకు తుడుచుకుని చాచాడు. మంచె నీడన ముగ్గురం కార్డు చుట్టూ కూర్చున్నాం. పది నిమిషాలూ గడియారం మీది నుంచి చూపు తిప్పలేదు. ఒకటే గీత. నేను చెప్పకముందే ఆయన వేలితో ఆ గీత చూపించి నవ్వాడు.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. ప్రతి ఊళ్లో జీపీఎస్ పట్టుకుని అక్షాంశం, రేఖాంశం రాసుకోవాలి. వరంగల్ 18 డిగ్రీల ఉత్తరాన ఉంది, అంకె రాస్తే చాలు. మలావి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది, అంకె ముందు మైనస్ పెట్టాలి. అలవాటు కొద్దీ ఒక వారమంతా పెట్టలేదు. కంప్యూటర్‌లో ఎక్కించేసరికి షిరే లోయ ఊళ్లన్నీ సుడాన్‌లో తేలాయి. మా పెద్దసారు ఏమీ అనలేదు. రాత్రి కూర్చుని ఒక్కో ఊరికీ ఆ చిన్న గీత పెట్టుకుంటూ వచ్చాను. ఆ ఊళ్లల్లో వేలు చాచిన ప్రతి మనిషికీ నేను బాకీ పడ్డట్టు అనిపించింది.

పటం నిండుతున్న కొద్దీ ఒక సంగతి తేలింది. బ్లాంటైర్ నగరం వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి షిరే లోయలోని చిక్వావాకు ఘాట్ రోడ్డు దిగితే ఎత్తు వంద మీటర్లకు పడిపోతుంది, చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. ఎత్తు తగ్గిన కొద్దీ రెండు గీతల కార్డులు పెరిగాయి. లోయలు, సరస్సు ఒడ్డు ఊళ్లు ఎక్కువ నలిగాయి. మన దగ్గర మురికి కాలవల్లో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని మోస్తే, అక్కడి పల్లెల్లో మలేరియా మోసే అనాఫిలిస్ దోమే దీన్నీ మోస్తుంది.

2020లో మలావిలో ఈ రోగం ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ వార్త చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అంతకు రెండేళ్ల ముందు ఇక్కడ తెలంగాణలో బోదకాలు ఉన్నవాళ్లకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలైంది. అన్నాళ్లూ కాలు చూపించనివాళ్లు మా ఊళ్లో పేరు రాయించుకోవడానికి వరుసలో నిలబడ్డారని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. అప్పటికి బాపమ్మ లేదు.

ఆ సర్వే అయ్యాక మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు, రంగులు వేసిన పటం ఒక ప్రతి తెచ్చి బాపమ్మకు చూపించాను. చేత్తో తడిమి, "ఇండ్ల మనూరేది కొడుకా?" అంది.

"ఇది మనది కాదు బాపమ్మా, ఆ దేశంది."

"అక్కడి ముసలోళ్లు కాలు చూపిచ్చిన్రా నీకు?"

"చూపిచ్చిన్రు. కొంతమంది ఏడ్చిన్రు."

ఆమె ఇంకేం మాట్లాడలేదు. నేను బకెట్లో నీళ్లు, సబ్బు, మెత్తటి గుడ్డ తెచ్చి పెట్టాను. రోజూ కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిస్తే ఆ చలిజ్వరాలు తగ్గుతాయని అక్కడివాళ్లకు ఊరూరా చెప్పి వచ్చాను, మా ఇంట్లో ఇంకా చెప్పలేదు. బాపమ్మ వాకిలి వైపు ఒకసారి చూసింది. తలుపు దగ్గరికి వేయమంది. తర్వాత చీర మోకాలి దాకా లాక్కుని, కాలు పీట మీద పెట్టింది.