రెండున్నర శ్రుతి

మన టెన్త్ బ్యాచ్ కలయిక సంచిక కమిటీ వాళ్ళు రెండు పేజీలకు మించొద్దన్నారు. బడి రోజులన్నీ గుర్తు చేసుకుంటూ రాయమని కూడా అన్నారు. రెండూ ఒకచోట కుదరవు కాబట్టి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్ని ఎత్తేస్తున్నాను. వాటిలో నాకు గుర్తున్నదల్లా బావి దగ్గర గొడవ. అది రాస్తే ముగ్గురు నాతో మాట్లాడటం మానేస్తారు. సైన్సు మాస్టారి ఆదివారం గురించి రాస్తాను.

1977 మార్చి 27. జర్మన్ సంగీతకర్త బీథోవెన్ పోయి ముందురోజుకి 150 ఏళ్ళు నిండాయి. ఊళ్ళో ఎక్కడ చూసినా మొరార్జీ ప్రమాణ స్వీకారం, నంద్యాలలో సంజీవరెడ్డి గెలుపు, ఇవే కబుర్లు. మనకి టెన్త్ పరీక్షలు నెత్తిమీదున్నాయి. "ఇప్పుడు ఈ జర్మనీ ఆయన తద్దినం మనం పెట్టాలా అండీ?" అని సణుగుతూనే హెడ్మాస్టారు లాబ్ తాళాలిచ్చారు.

పెద్ద వాద్యబృందం కోసం ఆయన రాసిన తొమ్మిది సింఫనీలూ ఒకే రోజున. ఆపకుండా వేస్తే దాదాపు ఆరు గంటలు. కానీ మాస్టారు ఆపకుండా ఉండగలరా? ఒక్కోదానికి ఒక్కో పాత రికార్డింగు ఏళ్ళ తరబడి వెతికి పోగేశారాయన. కొన్ని ఎల్పీలు, మిగతావి హైదరాబాదులో ఎవరో మిత్రుడి దగ్గర స్పూల్ టేపు మీదికి ఎక్కించుకున్నవి. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ వైన్‌గార్ట్‌నర్‌వి. తొమ్మిదింటినీ మొట్టమొదట రికార్డు చేసింది ఆయనేనని చెప్పారు. ఆ నాలుగూ ఎలా గడిచాయో నన్నడక్కండి. పులిహోర వాసన కారిడార్‌లోకి వచ్చేసింది.

మూడోది దగ్గరే అసలు కథ. అమెరికాలో ఉన్న బావమరిది పంపిన యురేనియా కంపెనీ ఎల్పీ అది. 1944 డిసెంబరులో, యుద్ధం ఇంకా నడుస్తుండగా, వియన్నాలో ఫుర్ట్‌వెంగ్లర్ అనే కండక్టర్ రేడియో కోసం చేయించిన 'ఎరోయికా' (మూడో సింఫనీ పేరు అదే). 1953లో ఆ కంపెనీ ఆయన్ని అడక్కుండానే దాన్ని అమ్మకానికి పెట్టింది. ఆయన కోర్టుకెక్కి ఆపించాడు. అలా ఆగిపోయిన రికార్డు మన లాబ్‌లో, బ్యూరెట్ల స్టాండు పక్కన తిరుగుతోంది.

మొదటి రెండు దెబ్బలూ పడ్డాయో లేదో, మాస్టారు ముల్లు ఎత్తేశారు. "ఒరేయ్, ప్రేయర్ హార్మోనియం పట్రండ్రా!" 'బొగ్గు' అని మనం పిలిచేవాడూ నేనూ మోసుకొచ్చాం. ఆ సింఫనీ ఇ-ఫ్లాట్‌లో ఉంటుంది, అంటే మన లెక్కలో రెండున్నర శ్రుతి. ఆయన ఎడమచేత్తో బెల్లోస్ కొడుతూ రెండున్నర మెట్టు నొక్కిపట్టి, కుడిచేత్తో ముల్లు మళ్ళీ పెట్టారు. రెండూ కలవలేదు. రికార్డు మూడు శ్రుతి వైపు జరిగి ఉంది. టేపు నుంచి ఎల్పీకి ఎక్కించేటప్పుడు ఎక్కడో స్పీడు తేడా వచ్చింది, శ్రుతి పెరిగింది, దాంతోపాటు నడకా పెరిగింది. బోర్డు మీద లెక్క వేశారు: అర శ్రుతి పెరగాలంటే వేగం వందకి ఆరు పాళ్ళు పెరగాలి. తర్వాత వేలి కొసని రికార్డు తిరిగే ప్లేటర్ అంచుకి ఆనించీ ఆనించకుండా పెట్టి, హార్మోనియంతో కలిసేదాకా దాన్ని నెమ్మది చేశారు. కలిసిన క్షణంలో రెండు స్వరాల మధ్య కొట్టుకుంటున్న అల ఆగిపోయింది. బీట్స్ పాఠం పుస్తకంలో చదివాం గానీ నాకు అర్థమైంది అప్పుడే. ఒక పక్కంతా అలాగే వేలు ఆనించి కూర్చున్నారాయన. డబుల్ ఎంట్రీ గాడు విసనకర్రతో ఆయనకి విసురుతూనే ఉన్నాడు.

ఐదోది 1913లో బెర్లిన్‌లో నికిష్ చేయించింది. అప్పటికి రికార్డింగుకి మైకుల్లేవు. వాద్యగాళ్ళు బూరా ముందు ఇరుక్కుని కూర్చుని వాయించాలి. మనకి వేపుడు చప్పుడే ఎక్కువ వినపడింది, నిజం చెప్పాలంటే. ఆరోది బ్రూనో వాల్టర్, వియన్నా, 1936. అందులో తుఫాను వచ్చినప్పుడు ఉలిక్కిపడి లేచి "అమ్మో, బట్టలు!" అన్నదెవరో ఇక్కడ రాయను, ఆయన ఇప్పుడు మనవలున్న పెద్దమనిషి. ఏడోది టోస్కనీనీ, న్యూయార్క్. సగంలో కరెంటు పోయింది. ఆ వంకతో బి సెక్షన్ మొత్తం జారుకుంది.

తొమ్మిదోదానికి మిగిలింది గుప్పెడు మందిమి. సోవియట్ పుస్తకాల ఎగ్జిబిషన్లో కొన్న మెలోదియా (అక్కడి రికార్డుల కంపెనీ) ఎల్పీలు. 1942 మార్చిలో బెర్లిన్‌లో ఫుర్ట్‌వెంగ్లరే చేయించాడు. 1945లో ఎర్రసైన్యం బెర్లిన్ రేడియో టేపుల్ని మాస్కోకి పట్టుకుపోయింది కాబట్టే అది మన ఊరిదాకా వచ్చింది. ఆ కచేరీలు ఎవరి ఏలుబడిలో జరిగాయో, ముందు వరుసల్లో ఎలాంటి వాళ్ళు కూర్చునేవాళ్ళో మాస్టారు దాచకుండా చెప్పారు. "అయినా వినాలా సార్?" అని బొగ్గు అడిగాడు. ఆయన చాలాసేపు అద్దాలు తుడుచుకుని, "విని చెప్పు" అన్నారు. చివర్లో కోరస్ అందుకోగానే "భజన మొదలైందిరోయ్" అని మీలో ఒకరు అన్నారు. మాస్టారు కూడా నవ్వారు.

నేను ఆకాశవాణిలో ఇంజనీరుగా చేరాననీ రిటైరయ్యాననీ మీకు తెలుసు. తెలియనిది ఒకటుంది. చివరి ఏళ్ళలో పాత స్పూళ్ళు డిజిటల్‌లోకి మార్చే పని నా మీద పడింది. ఒక పద్యనాటకం టేపులో గాయకుడి గొంతు సన్నగా, ఏదో తేడాగా ఉంది. కుర్రాళ్ళు ఆయన గొంతే అంత అన్నారు. హార్మోనియం శ్రుతి పట్టుకుని స్పీడు తగ్గించాను. మనిషి దిగొచ్చాడు. ఆయన కొడుకు విని, "మా నాన్నగారే" అని స్టూడియోలోనే కూర్చుండిపోయాడు. నాకొచ్చిన ప్రమోషన్లన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు.

కలయిక రోజుకి ఆ తొమ్మిదీ పెన్‌డ్రైవ్‌లో తెస్తున్నాను. 'ఎరోయికా' ఇప్పుడు శ్రుతి సరిచేసి దొరుకుతోంది గానీ, నేను పెట్టింది తప్పుడు శ్రుతిదే. కమిటీ వారు కార్యక్రమంలో మనకి అరగంట వేశారట. తొమ్మిదోది ఒక్కటే గంట దాటుతుంది, భోజనాలు వెనక్కి జరపండి. హార్మోనియం మోసే పని ఈసారి బి సెక్షన్‌ది.