అల్సరేటివ్ కొలైటిస్: స్టెరాయిడ్‌తో ఆగిపోకూడని చికిత్స

మా చెల్లెలికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) ఉందని తేలిన నాటి నుంచి ఈ జబ్బు గురించి చదువుతూ, వైద్యులను అడుగుతూ తెలుసుకున్నవాటిలో ముందుగా చెప్పవలసిన సంగతి ఇది: ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్ జబ్బు ఉద్ధృతిని త్వరగా తగ్గిస్తుంది గాని, అది మళ్లీ తిరగబెట్టకుండా కాపాడలేదు.

ఈ జబ్బులో వాపు, పుండ్లు మలాశయంలో మొదలై పెద్దపేగు లోపలి పొర వెంబడి పైకి పాకుతాయి. మలంలో రక్తం కనబడగానే మొలలని సరిపెట్టుకుని నెలల తరబడి కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోనివారు మనలో చాలామంది ఉన్నారు. జబ్బు ఎంతవరకు పాకిందో, ఎంత తీవ్రంగా ఉందో తెలిస్తేనే మందు నిర్ణయమవుతుంది. మలాశయానికే పరిమితమైతే పేగువాపును తగ్గించే మెసలమైన్ మందును రాత్రిపూట మలద్వారంలో పెట్టుకునే సపోజిటరీగా, ఎడమవైపు పేగు వరకు వ్యాపిస్తే మాత్రలతో పాటు ఎనిమాగా (మలద్వారం గుండా ఎక్కించే ద్రవం) ఇస్తారు. మాత్రలు మాత్రమే వాడటం కంటే రెండూ కలిపి వాడితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. అయినా సిగ్గుతోనో ఇబ్బందితోనో ఎనిమాను పక్కన పెట్టేస్తారు, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. రక్తం ఆగిన తరువాత కూడా మెసలమైన్ కొనసాగించాలి.

దానితో లొంగనప్పుడు స్టెరాయిడ్ వస్తుంది. సాధారణంగా రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, కొన్ని వారాలలో క్రమంగా తగ్గించి మానిపిస్తారు. సొంతంగా హఠాత్తుగా ఆపడం ప్రమాదం. ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, మధుమేహం, కంటిశుక్లం రావచ్చు. మోతాదు తగ్గించిన ప్రతిసారీ జబ్బు తిరగబెడుతుంటే పాత చీటీతోనే మళ్లీ అదే మందు కొనుక్కోవడం తగదు. తదుపరి మెట్టు గురించి వైద్యుడిని అడగాలి.

ఆ మెట్టులో రోగనిరోధక చర్యను అణచే అజాథయోప్రిన్ ఒకటి. కొందరిలో, ముఖ్యంగా ఆసియావాసులలో కనబడే ఎన్‌యూడీటీ15 జన్యుభేదం ఉన్నవారిలో, ఇది తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది కనుక తరచూ రక్తపరీక్షలు తప్పవు. వాపును రేపే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ ఇంజెక్షన్లకు ముందు శరీరంలో దాగిన క్షయ ఉందేమో పరీక్షించాలి. క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. వెడోలిజుమాబ్ అనే మరో ఇంజెక్షన్ ప్రధానంగా పేగులోనే పనిచేస్తుంది. టోఫాసిటినిబ్ నోటి మాత్రే అయినా హెర్పిస్ జోస్టర్ (నొప్పితో పొక్కులు వచ్చే వైరస్ జబ్బు), రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులున్నాయి. వీటిలో కొన్నింటికి దేశీయ తయారీలు రావడంతో ధర తగ్గింది, అయినా ఎన్నో కుటుంబాలకు అది భారమే.

రోజుకు ఆరుసార్లు లేదా అంతకుమించి రక్త విరేచనాలతో జ్వరం గాని, వేగంగా కొట్టుకునే నాడి గాని ఉంటే ఆసుపత్రిలో చేరాలి. నరం ద్వారా ఇచ్చే స్టెరాయిడ్‌కు సుమారు మూడవ రోజుకు స్పందన లేకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లేదా రోగనిరోధక చర్యను అణచే మరో మందు సైక్లోస్పోరిన్ ప్రయత్నిస్తారు. అదీ ఫలించకపోతే శస్త్రచికిత్సే. అందులో పెద్దపేగును తీసివేసి, చాలామందికి తరువాత చిన్నపేగు చివరి భాగంతోనే మలం నిలిచేందుకు లోపల ఒక సంచి కడతారు. ఆపై రోజుకు పలుమార్లు విరేచనానికి వెళ్లవలసి ఉంటుంది, ఆ సంచికి అప్పుడప్పుడు వాపు రావచ్చు, స్త్రీలలో గర్భధారణ అవకాశం కొంత తగ్గవచ్చు. పిల్లలు కావాలనుకునే యువతులు ఈ సంగతిని శస్త్రచికిత్సకు ముందే వైద్యులతో మాట్లాడుకోవాలి.