క్లచ్ వైరు తెగిన చోట

ఇసుక దిబ్బల మీద నడపడానికి నేను కట్టుకున్న డ్యూన్ బగ్గీని ట్రైలర్ మీదికి ఎక్కించాక మా బావమరిది దాని చుట్టూ ఒక రౌండు తిరిగి, "బావా, ఇది కారా, స్నానాల తొట్టికి చక్రాలు పెట్టావా?" అన్నాడు. మూడేళ్ళ వారాంతాలు గరాజులో ధారపోసినవాడికి ఆ మాట గుచ్చుకోవాలి. కానీ వాడన్నది నిజమే. తలుపుల్లేని, కప్పులేని ఫైబర్‌గ్లాస్ తొట్టే అది. 1964లో న్యూపోర్ట్ బీచ్‌లో పడవలు కట్టే బ్రూస్ మేయర్స్ చేసిన మేయర్స్ మాంక్స్ అనే బగ్గీకి తర్వాత నకళ్ళు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. ఆయన కోర్టుకెక్కినా పేటెంటు నిలవలేదు. నాదీ ఆ నకళ్ళలో ఒకటే.

కింద ఉన్నది 1965 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఛాసిస్. పొట్టి బాడీకి సరిపోయేలా నడుం దగ్గర 14.5 అంగుళాలు కోసేసి మళ్ళీ అతకాలి. అతుకు వంకరపోతే బండి పీతలా పక్కకి నడుస్తుంది. వెల్డింగ్ పక్కింటి పెద్దాయన చేసిపెట్టారు. కొలతలు మాత్రం నేనే, పదిసార్లు. అంత జాగ్రత్తపడ్డవాణ్ణి, క్లచ్ వైరు తగిలించే పెడల్ కొక్కెం దగ్గర పిసినారితనానికి పోయాను. అరిగిన పాతదే బిగించాను.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి 101 హైవే మీద దక్షిణానికి బయల్దేరాం. ట్రైలర్ ఉంటే ఇక్కడ 55 మైళ్ళు దాటకూడదు, కాబట్టి అందరూ మమ్మల్ని దాటేవాళ్ళే. మేం వెళ్ళేది పిస్మో బీచ్ పక్కనే ఉన్న ఇసుక దిబ్బల పార్కు, ఓషియానో డ్యూన్స్‌కి. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో సముద్రపు ఒడ్డున బండి నడపనిచ్చేది ఇదొక్కటే. ఒడ్డు మీద వేగం 15 మైళ్ళే. దిబ్బల్లోకి వెళ్ళాలంటే బండికి నేల నుంచి ఎనిమిదడుగుల ఎత్తున జెండా ఉండాలి. దిబ్బకి అవతలి నుంచి వచ్చేవాడికి ముందు కనిపించేది ఆ జెండానే మరి.

టైర్లలో గాలి సగానికిపైగా తీసేసి దిబ్బ ఎక్కించాను. ఇంజన్ వెనకే ఉండటంతో బరువులో ఎక్కువ భాగం తోసే చక్రాల మీదే పడుతుంది. అందుకే ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోయినా ఇసుకలో తేలినట్టు పోతుంది. మధ్యలో యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మాత్రం కూరుకుపోవడమే. రేడియేటర్ లేదు, నీళ్ళు లేవు. వెనక టపటపమని గాలితో చల్లారే ఆ నాలుగు సిలిండర్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. బావమరిది మొదటి దిబ్బ దాకా తిట్టాడు, రెండో దిబ్బ నుంచి స్టీరింగ్ తనకిమ్మని గొడవ.

నాలుగో దిబ్బ మీద పెడల్ ఒక్కసారిగా నేలకంటింది. కొక్కెం దగ్గర క్లచ్ వైరు తెగింది.

నాకు టెన్షన్ కన్నా ముందు మా నాన్న గుర్తొచ్చారు. తెనాలిలో చేతక్ వైరు తెగితే, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, బండిని తోసుకుంటూ నాలుగడుగులు పరిగెత్తి, టక్కున ఫస్ట్ గేరేసి ఎక్కేసేవారు. అదృష్టం, బగ్గీ ముక్కు పల్లం వైపే ఉంది. ఇంజన్ ఆపి, ఫస్ట్ గేర్‌లో పెట్టి తాళం తిప్పాను. స్టార్టర్ మోటారే బండిని రెండడుగులు ఈడ్చింది, ఇంజన్ అందుకుంది. ఇక గేరు మార్చలేదు, ఎక్కడా ఆపలేదు. "జరగండి జరగండి" అని బావమరిది తెలుగులోనే అరుస్తుంటే ట్రైలర్ దాకా వచ్చి, ఇంజన్ ఆర్పేసి బ్రేకు తొక్కాను.

వాడు జుట్టులోంచి ఇసుక దులుపుకుంటూ, "మావయ్య డిక్కీలో ఎప్పుడూ ఒక స్పేర్ వైరు ఉండేది కదా బావా, నీదేది?" అన్నాడు.

"దీనికి డిక్కీ లేదురా."