తోకల పటం ఉన్న జడ్జిగారి బొమ్మ

పద్దెనిమిదో శతాబ్దపు ఎడిన్‌బరో వ్యంగ్యచిత్రకారుడు జాన్ కే రాగిరేకుల మీద గీసి అచ్చేసిన బొమ్మలు గోడకి వేలాడుతూ ఉంటాయనుకుని వెళ్తే నిరాశే. ఎడిన్‌బరో క్వీన్ స్ట్రీట్‌లోని పోర్ట్రెయిట్ గ్యాలరీ వేవర్లీ స్టేషన్‌ నుంచి పది నిమిషాల నడక, టికెట్ లేదు. కానీ పాత కాగితం వెలుతురుకి పాడవుతుంది కనక ఇలాంటివి ఎక్కువగా పెట్టెల్లోనే ఉంటాయి. ఏ బొమ్మ కావాలో ముందే రాసి, సమయం అడిగి వెళ్లాను.

బొమ్మ అరచేతికంటే కాస్త పెద్దది, అంతే. లార్డ్ మాన్‌బాడో రాతబల్ల ముందు కూర్చున్నాడు. అసలు పేరు జేమ్స్ బర్నెట్, 1767 నుంచి స్కాట్లండ్ పెద్ద సివిల్ కోర్టైన కోర్ట్ ఆఫ్ సెషన్‌లో జడ్జి. ముఖాన్ని కే ఏమీ వంకర తిప్పలేదు. వెక్కిరింతంతా వెనక గోడకున్న చిన్న పటంలో పెట్టాడు: అందులో తోకల మనుషులు చిందులేస్తున్నారు. తోకలున్న మనుషులు ఉన్నారనీ, ఒరాంగుటాన్ మాట నేర్వని మనిషేననీ జడ్జిగారి నమ్మకం. భూతద్దం లేకపోతే ఆ తోకలు గీతల్లో కలిసిపోతాయి. సంస్కృతం గురించి కలకత్తాలో జడ్జిగా ఉన్న సంస్కృత పండితుడు విలియం జోన్స్‌తో ఉత్తరాలు నడిపిన పండితుణ్ణి జనం తోకలతోనే గుర్తుపెట్టుకోవడం మాత్రం అన్యాయం.

కే 1785 దాకా క్షురకవృత్తిలో ఉన్నవాడు. రాగి రేకుకి మైనం పూసి, సూదితో గీసి, ఆమ్లం పట్టించేవాడు. అచ్చులో కుడి ఎడమవుతుంది కాబట్టి అక్షరాలు అద్దంలోలాగా తిప్పి చెక్కాలి. ఆయన పోయాక 1837-38లో హ్యూ పేటన్ ఈ బొమ్మల్ని సంపుటాలుగా వేశాడు. అరిగిన రేకు మీద ముందు పోయేవి నీడల్లోని సన్నగీతలే. కొనేవాళ్లు మొదట అక్కడే చూడాలి. కాగితాన్ని వాలు వెలుతురులో పెడితే చుట్టూ రేకు నొక్కిన గుంట కనిపించాలి. లేదంటే అంచులు కత్తిరించి ఉంటారు, లేదా అది ఫొటో నకలు.

కే దుకాణం ఉన్న పార్లమెంట్ స్క్వేర్ కోర్టు గుమ్మం ముందరే. అంటే జడ్జీలు తమ బొమ్మలు పెట్టిన కిటికీ పక్కనుంచే కోర్టుకి పోవాలి! అక్కడి పాత పార్లమెంట్ హాలు పనిదినాల్లో చూడొచ్చు, సంచి తనిఖీ ఉంటుంది. వాన పడితే మాన్‌బాడో తన విగ్గుని మేనాలో పంపి, తాను తడుస్తూ నడిచి వెళ్లేవాడట. ఇల్లు క్యానన్‌గేట్ వీధి పక్కన సెయింట్ జాన్ స్ట్రీట్‌లో, కిలోమీటరు లోపే.

1799లో పోయిన జడ్జినీ, 1826లో పోయిన కేనీ గ్రేఫ్రయర్స్ శ్మశానంలోనే పూడ్చారు. జనం మాత్రం యజమాని సమాధిని ఏళ్లతరబడి కాపలా కాసిందని చెప్పుకునే బాబీ అనే కుక్క రాయి దగ్గరే గుమిగూడి ఉంటారు.